మన హ్యారిస్ కౌంటీ కమిషనర్ అసలు ఏం చేస్తారు? పన్ను బిల్లు చేతిలో పట్టుకుని అడుగుతున్నా

కొత్తసిటిజన్_290
అందరికీ నమస్కారం. హ్యూస్టన్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నా. ఈ ఏడాదే సిటిజన్‌షిప్ వచ్చింది, ఓటరు కార్డు కూడా వచ్చింది. ఇంతకాలం ఎన్నికలంటే టీవీలో చూసి వదిలేసేవాణ్ని. ఇప్పుడు ఈ 2025 నవంబర్‌లో ఇంటి పన్ను బిల్లు వచ్చాక మొదటిసారి లైను లైనూ చదివా. హ్యారిస్ కౌంటీ అని ఒకటి, ఫ్లడ్ కంట్రోల్ అని ఒకటి, హాస్పిటల్ డిస్ట్రిక్ట్ అని ఒకటి, పోర్ట్ ఆఫ్ హ్యూస్టన్ అని ఇంకొకటి. నాకు ఓడ కూడా లేదు, పోర్టుకు పన్ను ఎందుకు కడుతున్నానో అర్థం కాలేదు.

ఆఫీసులో పక్క సీటాయన "ఇవన్నీ కమిషనర్ల చేతిలో ఉంటాయి, మన కమిషనర్ లెస్లీ బ్రియోనెస్, వచ్చే ఏడాది ఆవిడ ఎన్నిక ఉంది" అన్నాడు. ఆవిడ ఎవరు? ఎలా గెలిచారు? ఏం చేస్తున్నారు? మేముండేది 290 హైవే దాటాక, బార్కర్ సైప్రస్ రోడ్డుకు దగ్గర. తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి.

మడ్‌ట్యాక్స్_మావయ్య
స్వాగతం తమ్ముడూ. బిల్లు లైను లైనూ చదివావంటే నువ్వు పూర్తిగా అమెరికన్ అయిపోయినట్టే. మడ్ (కాలనీకి నీళ్లు, డ్రైనేజీ చూసే యుటిలిటీ డిస్ట్రిక్ట్) ట్యాక్స్ బిల్లు వేరే కవరులో వస్తుంది, అది చూశాక మళ్లీ ఇక్కడికే రా. ఓదార్చడానికి నేనుంటా.

పాత_హ్యూస్టన్
ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం, మనవాళ్లు బోల్తా పడేది అక్కడే. కమిషనర్స్ కోర్టు అంటే కోర్టు కాదు. కౌంటీ జడ్జి అంటే నల్లకోటు వేసుకుని కేసులు వినే జడ్జి కాదు. కౌంటీని నడిపే ఐదుగురు సభ్యుల బోర్డుకి టెక్సస్‌లో ఉన్న పాతకాలం పేర్లవి. కౌంటీని నాలుగు ముక్కలుగా విడదీసిన ప్రెసింక్టుల నుంచి నలుగురు కమిషనర్లు, కౌంటీ మొత్తం ఓటేసి ఎన్నుకునే కౌంటీ జడ్జి ఒకరు. జడ్జి సమావేశాలకు అధ్యక్షత వహిస్తారు, తుఫాను వస్తే విపత్తు నిర్వహణ అంతా ఆ కుర్చీదే. ఓటు మాత్రం ఒక్కటే, వీటో లేదు. మన లెక్కలో చెప్పాలంటే జడ్పీ ఛైర్మన్ పదవి, కలెక్టర్ గారి వరద డ్యూటీ కలిపి ఒక మనిషికి అప్పగించి, నిర్ణయం మాత్రం ఐదుగురి ఓట్లతోనే అన్నట్టు.

ఇది చిన్న పదవని అనుకోకండి. 2020 జనాభా లెక్కల్లో హ్యారిస్ కౌంటీలో 47 లక్షల మంది ఉన్నారు. పక్కనున్న లూసియానా రాష్ట్రం మొత్తం కన్నా ఎక్కువ. ఒక్కో కమిషనర్ కింద దాదాపు 12 లక్షల మంది. అంటే మన దగ్గర ఒక ఎంపీ సీటులో సగానికి పైనే.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీ అడ్రసులో హ్యూస్టన్ అనో కేటీ అనో సైప్రస్ అనో ఉంటుంది. అది పోస్టాఫీసు పేరు మాత్రమే. కౌంటీలో సుమారు 20 లక్షల మంది ఏ సిటీ పరిధిలోనూ లేరు. వాళ్లకు మేయర్ లేడు, సిటీ కౌన్సిల్ లేదు. రోడ్డు మీద గుంత పడినా, పార్కులో దీపం వెలగకపోయినా, కాలువ పూడిపోయినా చివరికి వెళ్లి అడగాల్సింది కమిషనర్నే.

వరంగల్_వంశీ
అన్నా, ఒక డౌటు. మన కౌంటీ జడ్జి కేపీ జార్జ్ గారు కదా? కేరళాయన. మా దగ్గర వినాయక చవితికి కూడా వచ్చిండు.

పాత_హ్యూస్టన్
వంశీ, ఆయన 2018లో గెలిచింది పక్కనున్న ఫోర్ట్ బెండ్ కౌంటీ జడ్జిగా. ఇక్కడ మాట్లాడుతున్నది హ్యారిస్ గురించి. నువ్వుండేది ఎక్కడ?

వరంగల్_వంశీ
కేటీ.

మడ్‌ట్యాక్స్_మావయ్య
కేటీ అంటే సరిపోదు నాయనా. కేటీ మూడు కౌంటీల్లో పరుచుకుని ఉంది: హ్యారిస్, ఫోర్ట్ బెండ్, వాలర్. ఒకే బిర్యానీ సెంటర్ దగ్గర క్యూలో నిలబడ్డ ముగ్గురికి ముగ్గురు కౌంటీ జడ్జిలు ఉండొచ్చు. పన్ను బిల్లు మీద పైన ఏం రాసుందో చూసుకో.

వరంగల్_వంశీ
చూసిన. ఫోర్ట్ బెండే. సరే, నేను ప్రేక్షకుడిగా ఉంటా, మీరు కానివ్వండి.

పాత_హ్యూస్టన్
సరే, బ్రియోనెస్ సంగతికొద్దాం. పుట్టింది లరేడోలో, మెక్సికో సరిహద్దు పక్కన ఉన్న ఊరు. అక్కడి నుంచి హార్వర్డ్, తర్వాత యేల్ లా స్కూల్. కొన్నాళ్లు టీచర్‌గా, ఆ తర్వాత లాయర్‌గా చేసి, హ్యూస్టన్‌లో లారా అండ్ జాన్ ఆర్నాల్డ్ ఫౌండేషన్‌లో జనరల్ కౌన్సెల్‌గా, అంటే ప్రధాన న్యాయ సలహాదారుగా పనిచేశారు.

ఆవిడ ప్రజా పదవిలోకి వచ్చిన తీరు మాత్రం సినిమా కథ లాంటిది. 2019లో ఇక్కడ కౌంటీ సివిల్ కోర్టు నంబర్ 4లో బిల్ మెక్‌లియోడ్ అనే జడ్జి ఉండేవారు. ఆ జనవరిలోనే కుర్చీ ఎక్కారు. రెండు మూడు నెలలు తిరక్కుండానే, రాష్ట్ర సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ పదవికి పోటీ చేస్తున్నానని ఫేస్‌బుక్‌లో పెట్టారు. టెక్సస్ రాజ్యాంగంలో ఒక నిబంధన ఉంది. పదవీకాలం ఇంకా ఏడాదికి పైగా మిగిలి ఉండగా కొన్ని పదవుల్లో ఉన్నవాళ్లు వేరే పదవికి పోటీ చేస్తానని ప్రకటిస్తే, ప్రకటించిన క్షణమే రాజీనామా చేసినట్టు లెక్క. సంతకం అక్కర్లేదు, లేఖ అక్కర్లేదు. పాపం ఆయనకు ఆ సంగతి తెలియదు. తెలిశాక పోస్టు వెనక్కి తీసుకున్నా లాభం లేకపోయింది. ఖాళీ అయిన ఆ కుర్చీలో కమిషనర్స్ కోర్టు కూర్చోబెట్టింది లెస్లీ బ్రియోనెస్‌ని.

నెల్లూరు_నర్సు
ఫేస్‌బుక్ పోస్టుకి ఉద్యోగం పోయిన జడ్జి! మా హెచ్ఆర్ వాళ్లు సోషల్ మీడియా ట్రైనింగ్‌లో ఈ కథ చెప్పుంటే నేను నిద్రపోకుండా వినేదాన్ని.

గోదారి_గట్టు
కథ బాగుంది మాస్టారూ, కానీ సగమే చెప్పారు. మిగతా సగం నేను చెబుతా. నేను రిపబ్లికన్ వైపు మొగ్గే మనిషినని ఇక్కడ అందరికీ తెలుసు కాబట్టి దాచేది లేదు.

2021 అక్టోబర్‌లో కమిషనర్స్ కోర్టు హద్దులు మార్చింది. అప్పటికి డెమోక్రాట్లు ముగ్గురు, రిపబ్లికన్లు ఇద్దరు. కమిషనర్ రాడ్నీ ఎల్లిస్ పెట్టిన మ్యాపు 3-2 ఓట్లతో నెగ్గింది. ఆ మ్యాపు ఏం చేసింది? 2011 నుంచి ప్రెసింక్ట్ 4లో ఉన్న జాక్ కేగల్ కింద ఉండే ఉత్తరాది ఏరియాలు చాలావరకు ప్రెసింక్ట్ 3కి పోయాయి. ఆయన ప్రెసింక్ట్ నంబరు అలాగే ఉంచి, కింద ఉన్న భూమిని లాగేసి, పడమటి వైపు కొత్త జనాన్ని ఇచ్చారు. పదేళ్లు పనిచేసిన మనిషి తనకి తెలియని ఓటర్ల ముందు నిలబడాల్సి వచ్చింది. దీని మీద కోర్టుకూ వెళ్లారు, ఫలితం లేదు. ఆ సీటే 2022లో బ్రియోనెస్ గెలిచింది. అదీ బొటాబొటీ తేడాతో.

పాత_హ్యూస్టన్
గట్టు గారూ, మీరు చెప్పినదాంట్లో తప్పు లేదు. హద్దులు తమకు కావాల్సినట్టే గీసుకున్నారు. రాజధాని ఆస్టిన్‌లో కూర్చుని మీ పార్టీవాళ్లు రాష్ట్రమంతటికీ చేసేది కూడా అదేనని మీరూ ఒప్పుకుంటే ఆ చర్చ ముగిసిపోతుంది.

కాకపోతే ఆవిడకు సీటు పళ్లెంలో పెట్టి ఇచ్చారని అనడం సరికాదు. కమిషనర్ పోటీ కోసం జడ్జి పదవి వదులుకున్నారు. డెమోక్రాట్ల ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, చాలామంది నిలబడ్డారు, ఎవరికీ సగం ఓట్లు రాలేదు. 2022 మేలో బెన్ చౌ అనే ఆయనతో రనాఫ్ (మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఓటింగ్) జరిగింది. అది గెలిచాక నవంబర్‌లో కేగల్‌తో అసలు పోటీ.

గోదారి_గట్టు
ఆస్టిన్ సంగతి ఒప్పుకున్నా. ఇద్దరిదీ ఒకే పెన్సిలు.

కొత్తసిటిజన్_290
ఒక కమిషనర్ సీటు కోసం ఇంత పట్టుదల ఎందుకు? అప్పటికే 3-2 మెజారిటీ ఉందన్నారు కదా. నాలుగోది వస్తే ఒరిగేదేంటి?

పాత_హ్యూస్టన్
అడగాల్సిన ప్రశ్న అడిగావు తమ్ముడూ. మొత్తం కథ ఈ నాలుగో కుర్చీలోనే ఉంది.

మామూలు పనులకు ఐదుగురిలో ముగ్గురుంటే కోరం సరిపోతుంది. పన్ను రేటు ఖరారు చేసే రోజు మాత్రం కనీసం నలుగురు ఉండాలి. టెక్సస్ చట్టం అది. అంటే ఓటింగ్‌లో గెలవలేని ఇద్దరు, ఇంట్లో కూర్చుని గెలవొచ్చు. 2019లో ఒకసారి అలాగే జరిగింది, ఇద్దరు రిపబ్లికన్ కమిషనర్లు రాలేదు, రేటు పెంపు ఆగిపోయింది. 2022లో సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అప్పటి ఇద్దరు రిపబ్లికన్ కమిషనర్లు కేగల్, టామ్ రామ్సీ వారాల తరబడి రాలేదు. గడువు దాటిపోయింది. అప్పుడు చట్టప్రకారం దానంతటదే తక్కువ రేటు వచ్చేస్తుంది. పాత ఆస్తుల మీద కిందటేడు వచ్చినంత డబ్బే వచ్చేలా లెక్కగట్టిన రేటు. పెరిగిన ధరలకూ జీతాలకూ అది చాలదు.

నెల తిరక్కుండా ఎన్నిక. కేగల్ ఓడిపోయారు, బ్రియోనెస్ వచ్చారు, 4-1 అయింది. ఆ రోజు నుంచి ఒక్క రామ్సీ ఇంట్లో కూర్చుంటే కోరం ఆగదు. ఆ సీటు మీద అంత డబ్బు, అంత పట్టుదల కుమ్మరించింది అందుకే.

గోదారి_గట్టు
మా వైపు నుంచి ఒక్క మాట. వాళ్లిద్దరూ సరదాకి ఇంట్లో కూర్చోలేదు. హత్యలు పెరిగిన రోజులవి. పోలీసులకి ఇంకా డబ్బివ్వండి, పన్ను రేటు ఇంకా తగ్గించండి అన్నారు. మైనారిటీలో ఉన్నవాళ్లకి చట్టం ఇచ్చిన ఆయుధం వాడారు.

నెల్లూరు_నర్సు
పోలీసులకి డబ్బు ఎక్కువ కావాలి, పన్ను మాత్రం తగ్గాలి. మా పిల్లలు కూడా పాకెట్ మనీ విషయంలో అచ్చం ఇలాగే మాట్లాడతారు అన్నయ్యా 🙂

మడ్‌ట్యాక్స్_మావయ్య
😂😂 గట్టూ, దీనికి జవాబు చెప్పు.

గోదారి_గట్టు
షాపు మూసే టైమైంది. రేపు చెబుతా.

బేర్‌క్రీక్_భారతి
మీరంతా రేట్లూ కోరాలూ మాట్లాడుతున్నారు. నాకు ఈ కౌంటీ అనేది ఒకటుందని తెలిసింది 2017లో.

హార్వీ తుఫాను వాన ఆగి రెండు రోజులైంది. ఎండ కూడా వచ్చింది. ఇక గండం గడిచిందనుకుని ఫ్రిజ్‌లో పాడైనవన్నీ తీసి పారేస్తున్నా. సాయంత్రం వాకిట్లో కాలువ జాలీలోంచి నీళ్లు పైకి రావడం చూశా. వాన లేదు, గాలి లేదు, చప్పుడు లేదు. పాలు పొంగే ముందు అంచుల దగ్గర ఎలా కదులుతాయో అలా. రాత్రి పదికల్లా గడప దాటాయి. మావారు, నేను ముందు పూజ గది ఖాళీ చేశాం, తర్వాత సోనామసూరి బస్తా, ఆవకాయ జాడీ, పాస్‌పోర్టులున్న ఫైలు మెట్ల మీదికి మోశాం. బస్తా ఐదో మెట్టు మీద పెట్టా. పొద్దున్నే చూస్తే రెండో మెట్టు మునిగింది. పడవలో వచ్చినవాళ్లు ఎవరో ఇప్పటికీ తెలియదు, లూసియానా నుంచి వచ్చామన్నారు.

మా ఇల్లు ఆడిక్స్ జలాశయం నీళ్లు నిలిచే ప్రాంతం లోపల ఉందని ఆ తర్వాత తెలిసింది. కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. చెరువు గర్భంలో ఇల్లు కొనుక్కున్నామన్నమాట. మా నాన్నకి ఫోన్లో చెబితే "అమెరికాలో కూడా చెరువు పొరంబోకు ఉంటుందా అమ్మా" అన్నారు.

పాత_హ్యూస్టన్
భారతి గారూ, మీ నాన్నగారి మాట నూటికి నూరుపాళ్లు నిజం.

కొత్తవాళ్ల కోసం ఒకటి చెప్పాలి. ఆడిక్స్, బార్కర్ రెండూ 1940ల్లో కట్టినవి, కేంద్ర ప్రభుత్వపు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ చేతిలో ఉంటాయి. కౌంటీవి కావు, కమిషనర్ గేటు ఎత్తలేరు. మామూలు రోజుల్లో లోపల నీళ్లుండవు, అడవీ పార్కులూ ఉంటాయి, అందుకే జనానికి అవి జలాశయాలని తెలియదు. లోపలివైపు మునిగిన ఇళ్ల కేసులో ప్రభుత్వానిదే బాధ్యత అని 2019 డిసెంబర్‌లో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది.

కౌంటీ చేతిలో ఉన్నవి బేయూలు (ఇక్కడి వాగులు), కాలువలు, నీళ్లు నిలవబెట్టే గుంటలు. హార్వీలో కౌంటీలో లక్షన్నరకు పైగా ఇళ్లు మునిగాయి. సరిగ్గా ఏడాదికి, 2018 ఆగస్టు 25న, 250 కోట్ల డాలర్ల వరద బాండుకి, అంటే వరద పనుల కోసం కౌంటీ తీసుకునే అప్పుకి, ఓటింగ్ పెట్టారు. నూటికి 85 మంది దాకా అవునన్నారు. పన్నుకి ఇంత ప్రేమగా ఓటేసిన రోజు నా ముప్పై ఆరేళ్ల హ్యూస్టన్ కాపురంలో ఇంకోటి లేదు.

బేర్‌క్రీక్_భారతి
నేనూ వేశా. అప్పటికి ఇంట్లో ఇంకా షీట్‌రాక్ వాసన పోలేదు.

కొత్తసిటిజన్_290
అందుకేనా బిల్లులో ఫ్లడ్ కంట్రోల్ లైను ఈమధ్య పెరిగింది?

మడ్‌ట్యాక్స్_మావయ్య
కాదు, అది ఇంకో ఓటు. 2018 బాండు కొత్తగా తవ్వడానికి. తవ్వినవాటిలో గడ్డి కోయాలి, పూడిక తీయాలి, ఒడ్డు కూలితే కట్టాలి, దానికి ఏటా డబ్బు కావాలి కదా. 2024 నవంబర్‌లో అడిగారు, ఈసారి 51 శాతం దగ్గర అతికష్టం మీద గట్టెక్కింది. వంద డాలర్ల విలువకి 3 సెంట్ల దగ్గర ఉన్న రేటు 5 సెంట్ల దగ్గరికి వచ్చింది.

లెక్క చేసి చూపిస్తా, నాకు ఇదొక జబ్బు. 4 లక్షల డాలర్ల ఇల్లు. సొంతింట్లో ఉండేవాళ్లకి కౌంటీ ఇచ్చే 20 శాతం హోమ్‌స్టెడ్ మినహాయింపు పోతే 3 లక్షల 20 వేలు. దాని మీద ఒక్క సెంటు అంటే ఏడాదికి 32 డాలర్లు. ఫ్లడ్ లైను పెరిగింది రెండు సెంట్ల లోపు, అంటే 60 డాలర్ల లోపు. అసలు కౌంటీ రేటు 38 సెంట్ల దగ్గర, అంటే 1,200 పైచిలుకు. ఇది విని గుండె పట్టుకోకు, నీ బిల్లులో పెద్ద ముక్క స్కూల్ డిస్ట్రిక్టుది. దాని మీద కమిషనర్లకు చెయ్యి లేదు. ఇంటి విలువ కట్టే హెచ్‌క్యాడ్ కూడా వాళ్ల కింద ఉండదు. ఆ విలువ ఎక్కువని మేలో ప్రొటెస్ట్ వేసి గెలిస్తే కమిషనర్‌కి థాంక్స్ చెప్పకు, ఓడితే తిట్టకు. రెండూ వేస్టు.

కొత్తసిటిజన్_290
హోమ్‌స్టెడ్ నేను వేయలేదు!!

మడ్‌ట్యాక్స్_మావయ్య
ఓరి నాయనో. ఈ చర్చ ఆపు, ముందు ఆ ఫారం నింపి రా. వెనక్కి రెండేళ్ల దాకా ఇస్తారు.

నెల్లూరు_నర్సు
హాస్పిటల్ డిస్ట్రిక్ట్ లైను గురించి నేను చెబుతా, నా బతుకుతెరువు ఆ రంగమే కాబట్టి. అది హ్యారిస్ హెల్త్. ఇన్సూరెన్సు లేనివాళ్లు వెళ్లేది బెన్ టాబ్, ఎల్‌బీజే ఆసుపత్రులకు. ఆ బోర్డు సభ్యులను నియమించేది, పన్ను రేటు ఆమోదించేది కమిషనర్లే. 2023 నవంబర్‌లో ఎల్‌బీజే కొత్త ఆసుపత్రి లాంటివాటి కోసం 250 కోట్ల డాలర్ల బాండు పెడితే ఓటర్లు మంచి మెజారిటీతో ఒప్పుకున్నారు. బ్రియోనెస్ వచ్చాక జరిగిన పెద్ద నిర్ణయాల్లో అదొకటి. ఊళ్లో పెద్దాసుపత్రి బాగుంటే పక్కనున్న ప్రైవేటు ఎమర్జెన్సీలో కూడా రద్దీ తగ్గుతుంది. రాత్రి రెండింటికి కడుపునొప్పితో ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

వరంగల్_వంశీ
మరి ఆమె సొంతంగా ఏం చేసింది అక్కా? బాండ్లు అందరూ కలిసి పెట్టేవే కదా.

పాత_హ్యూస్టన్
నేను చూసినంతవరకు ఆవిడ పని రోడ్లు, కాలిబాటలు, పార్కులు, మురుగు కాలువలు. ప్రచారంలోనూ ఇవే చెప్పారు, వీటితోపాటు శాంతిభద్రతలు. ఆవిడ గెలిచిన రోజే 120 కోట్ల డాలర్ల బాండు కూడా గెలిచింది, అందులో 90 కోట్లు రోడ్లకి, 20 కోట్లు పార్కులకి, 10 కోట్లు భద్రతకి. అంటే కుర్చీలో కూర్చునేసరికి చేతిలో డబ్బుంది. ఇంకా టోల్ రోడ్లు కూడా కౌంటీవే. మన కార్లకున్న ఈజీ ట్యాగ్ ఇచ్చేది హ్యారిస్ కౌంటీ టోల్ రోడ్ అథారిటీ. వెస్ట్‌పార్క్, సామ్ హ్యూస్టన్ మీద మనం కట్టిన డబ్బులో మిగిలింది కమిషనర్ల రోడ్ల పనులకి వస్తుంది.

చేయలేనివీ చెప్పాలి. టెక్సస్‌లో కౌంటీకి సిటీకున్న అధికారాల్లో సగం కూడా లేవు. జోనింగ్ లేదు. మీ గోడ పక్కన గ్యాస్ స్టేషన్ వస్తే కమిషనర్ ఆపలేరు. సొంతంగా సిటీ లాంటి చట్టాలు చేయలేరు. రాష్ట్రం చెయ్యమన్నది చెయ్యాలి, ఇవ్వనిది అడగకూడదు.

గోదారి_గట్టు
వచ్చా. నిన్న నర్సమ్మ అన్న మాటకి జవాబు: 2025 వేసవిలో షెరీఫ్ డిప్యూటీలకీ కానిస్టేబుళ్లకీ జీతాలు పెంచారు, హ్యూస్టన్ సిటీ పోలీసుల జీతాలతో సమానంగా ఉండేలా. బ్రియోనెస్ కూడా దాన్ని సమర్థించింది. 2022లో నేను ఆవిడకి ఓటెయ్యలేదు, కానీ ఈ విషయంలో ఆవిడ మా రామ్సీ వైపే నిలబడింది. 4-1 అన్నది కాగితం మీదే. బడ్జెట్ వచ్చేసరికి బ్రియోనెస్, ఇంకో డెమోక్రాట్ కమిషనర్ ఎడ్రియన్ గార్సియా, రామ్సీ ఒక పక్క, జడ్జి లీనా హిడాల్గో ఇంకో పక్క.

నెల్లూరు_నర్సు
హిడాల్గో మీద నాకు అభిమానం, దాచను. కొలంబియాలో బొగొటాలో పుట్టింది, పదిహేనేళ్ల లోపే ఇక్కడికొచ్చింది, స్టాన్‌ఫర్డ్‌లో చదివింది. 2018లో 27 ఏళ్ల పిల్ల, హార్వీలో అంత పేరు తెచ్చుకున్న అప్పటి కౌంటీ జడ్జి ఎడ్ ఎమ్మెట్‌ని సుమారు 19 వేల ఓట్ల తేడాతో ఓడించింది. కౌంటీ కోర్టులో మొదటి హిస్పానిక్ మహిళ.

పాత_హ్యూస్టన్
చిన్న సవరణ. మొదటి మహిళా కౌంటీ జడ్జి హిడాల్గోనే. కమిషనర్స్ కోర్టులో మొదటి హిస్పానిక్ మహిళ మాత్రం సిల్వియా గార్సియా, 2003లోనే ప్రెసింక్ట్ 2 కమిషనర్. ఇప్పుడు అమెరికా కాంగ్రెస్‌లో ఉన్నారు.

నెల్లూరు_నర్సు
ఒప్పుకున్నా మాస్టారూ. నేను చెప్పదలచుకున్నది వేరే. 2023లో తనకి డిప్రెషన్ అని, చికిత్సకి వెళ్తున్నానని బయటికి చెప్పి సెలవు పెట్టింది. అంత పదవిలో ఉండి. మా వార్డులో మనవాళ్లు వస్తారు, "నిద్ర పట్టట్లేదు", "గ్యాస్ పైకి తంతోంది", "ఎవరో దిష్టి పెట్టారు" అంటారు. ఆ మాట మాత్రం నోట్లోంచి రాదు. కౌంటీ జడ్జి టీవీలో ఆ మాట అన్న వారం మా ఫ్లోరులో ఇద్దరు పేషెంట్లు తమంతట తామే అడిగారు.

గోదారి_గట్టు
ఆ విషయంలో నాకూ గౌరవమే. కానీ 2025 ఆగస్టులో జరిగింది చూశారు కదా. పిల్లల సంరక్షణ కేంద్రాల కోసం వందకి ఒక సెంటు పన్ను, బ్యాలెట్ మీద పెడదామంది. మావయ్య లెక్కలో 32 డాలర్లు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. సభలో మాటామాటా పెరిగింది, చివరికి ఆవిడ తీరునే తప్పుబడుతూ తీర్మానం పెట్టి నెగ్గించారు. తన పార్టీవాళ్ల ఓట్లు కూడా కలిసే. సెప్టెంబర్‌లో ఇక పోటీ చేయనని చెప్పేసింది.

బేర్‌క్రీక్_భారతి
కరోనా డబ్బుతో మొదలుపెట్టిన కేంద్రాలవి. ఆ డబ్బు అయిపోయింది. నా దగ్గర పనిచేసే అమ్మాయి కొడుకు ఒక దాంట్లో ఉండేవాడు, ఇప్పుడు వాళ్లమ్మ ఉద్యోగం మానుకుని చూసుకుంటోంది. 32 డాలర్లు అంటే రెండు బిర్యానీలు. పద్ధతి తప్పయితే కావచ్చు, అడిగింది తప్పు కాదు.

గోదారి_గట్టు
భారతమ్మా, ప్రతి సెంటూ రెండు బిర్యానీలే. అలా పదిమంది పది బిర్యానీలు అడిగితే మా షాపు అద్దె అవుతుంది.

మోడరేటర్
ఇప్పటిదాకా చర్చ బాగుంది. బిర్యానీ దగ్గర నుంచి పార్టీల తిట్ల దాకా వెళ్లకుండా చూసుకోండి. కిందటిసారి తాళం వేయాల్సి వచ్చింది.

కొత్తసిటిజన్_290
చాలా థాంక్స్ అందరికీ. అయితే 2026లో నేను వెయ్యాల్సినవి కౌంటీ జడ్జి, కమిషనర్ రెండూ అన్నమాట. తేదీలు ఏంటి?

పాత_హ్యూస్టన్
ప్రైమరీ మార్చి 3న, అసలు ఎన్నిక నవంబర్ 3న. మాజీ మేయర్ అనీస్ పార్కర్ కౌంటీ జడ్జి పదవికి డెమోక్రాట్ల తరఫున దిగారు, ఇంకా చాలామంది ఉంటారు. ప్రైమరీని వదలకండి, 2022లో బ్రియోనెస్‌కి నవంబర్ కన్నా ముందే మే రనాఫ్‌లో ఒక పరీక్ష జరిగింది, దానికి వెళ్లిన జనం కొద్దిమందే. ఇంకో సంగతి, 2020 నుంచి ఒక్క మీట నొక్కి పార్టీ మొత్తానికి ఓటెయ్యడం కుదరదు. 2022లో బ్యాలెట్ రెండు పెద్ద కాగితాలు వచ్చింది. జడ్జిల పేర్లే కొండవీటి చాంతాడు. కమిషనర్ పేరు ఎక్కడో లోపల ఉంటుంది, చెయ్యి నొప్పి పుట్టి మధ్యలో ఆపేస్తే అది మిస్సవుతారు. బ్యాలెట్ ఇంగ్లిష్, స్పానిష్, వియత్నమీస్, చైనీస్‌లో ఉంటుంది. తెలుగు లేదు.

అన్నట్టు, 290 దాటాక అన్నావు. ముందు కౌంటీ వెబ్‌సైటులో అడ్రసు కొట్టి ప్రెసింక్ట్ చూసుకో. నాకు అనుమానంగా ఉంది.

కొత్తసిటిజన్_290
చూశా.

ప్రెసింక్ట్ 3.

టామ్ రామ్సీ.

గోదారి_గట్టు
హహహ! మా మనిషివే! రామ్సీ ఇంజనీరు, స్ప్రింగ్ వ్యాలీ విలేజ్‌కి మేయర్‌గా చేశారు. రోడ్డు గుంత ఫోటో పంపు, మాట్లాడుకోవచ్చు.

పాత_హ్యూస్టన్
అనుకున్నా. ప్రెసింక్ట్ 1, 3 ఎన్నికలు అధ్యక్ష ఎన్నికల ఏడాది జరుగుతాయి. 2, 4 మధ్యలో. నీ కమిషనర్‌కి 2028 దాకా ఎన్నిక లేదు తమ్ముడూ. వచ్చే ఏడాది నువ్వు వేసేది కౌంటీ జడ్జి ఓటు.

కొత్తసిటిజన్_290
అంటే మూడు రోజులుగా నాది కాని కమిషనర్ గురించి చదువుకున్నానా?

నెల్లూరు_నర్సు
మీ పన్ను రేటుకి ఓటేసే ఐదుగురిలో ఆవిడా ఒకరే కదా తమ్ముడూ. నాలుగో కుర్చీ.

మడ్‌ట్యాక్స్_మావయ్య
2028 దాకా ఖాళీగా ఎందుకుంటావు? చాలా మడ్‌లకు మేలోనే డైరెక్టర్ల ఎన్నిక ఉంటుంది. ఐదు కుర్చీలు, ఓట్లేసేవాళ్లు ఒక పెళ్లి బస్సులో సరిపోతారు. పోయినసారి మా మడ్‌లో పోటీకి సరిపడా మనుషులే లేక ఎన్నికే రద్దు చేశారు. హోమ్‌స్టెడ్ ఫారం నింపావా లేదా, అది చెప్పు ముందు.

కొత్తసిటిజన్_290
నింపుతున్నా. డ్రైవింగ్ లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రసు ఉంది. పనికొస్తుందా?

మడ్‌ట్యాక్స్_మావయ్య
పనికిరాదు. కొత్త లైసెన్సుకి అప్లై చెయ్యి, తర్వాత రా.